దెబ్బ చూసినవాళ్ళే చెప్పాలి

మా రమణన్న పెద్దకర్మ రోజు, కోవూరులో వాళ్ళింట్లో భోజనాలు అయ్యాక, మగవాళ్ళంతా ముందుగదిలో చేరి ఆయన్ని తలుచుకుంటున్నారు. నేను వంటింటి గడప మీద కూర్చుని, ఊళ్ళకు పోయే చుట్టాల కోసం మిగిలిన వడలు పొట్లాలు కడుతున్నాను. అన్న పెద్దకొడుకు మాధవ జింక కథ ఎత్తుకున్నాడు. ‘మా నాయనకు పందొమ్మిదేళ్ళుంటాయో లేదో, ఇర్రి జింకను సరిగ్గా రొమ్ములో కొట్టినాడు. ఇంకేముంది, పోయి ఎత్తుకొచ్చుకునేదే. ఆ చెంచయ్య అనేవాడు దాని జాడ పట్టుకోలేక ఉప్పుకాలవ దాటించేసినాడు. వాడికి కళ్ళు ఆనవంట, ఆ సంగతి ఎవురికీ చెప్పకుండా దాచుకున్నాడు’ అన్నాడు. వాడి తమ్ముడు లేచి, ముక్కు నేలకానించి వెతుకుతూ పోయే గుడ్డివాడి నడక నడిచి చూపించాడు. ఆ దుఃఖంలో కూడా అందరూ నవ్వారు. మా వదిన కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ కథ మా ఇళ్ళల్లో ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి బారసాలలోనూ చెప్పుకున్నదే. ఆ నడక మొదట నడిచి చూపించింది మా చిన్నాయన. ఆయన్ని చూసి మా అన్న, అన్నను చూసి ఆయన పిల్లలు నేర్చుకున్నారు. నేనూ ఎన్నోసార్లు అక్కడే కూర్చుని విన్నాను. నవ్వలేదని చెప్పను, అందరితో పాటు నవ్వినరోజులూ ఉన్నాయి. ఆ రోజు మాత్రం చేతిలో పొట్లానికి దారం ముడి పడలేదు. జింకను కొట్టిన ఆ పొద్దు చేలో ఉన్నది ముగ్గురం. చెంచయ్య ఎప్పుడో పోయాడు, ఇప్పుడు అన్న పోయాడు. నేనూ పోతే ఆ కథ ఇంక అట్లాగే స్థిరపడిపోతుంది.

నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ నెమ్మదిగా రాస్తాను. తప్పులుంటే మాధవ కూతురు దిద్దుతానంది.

మా ఊరు ఇందుకూరుపేట నుంచి సముద్రం వైపు పోతే వస్తుంది. ఊరికి పడమరగా మాగాణి, తూర్పుగా ఇసక చేలు, ఆ చేల తర్వాత ముళ్ళపొదలు, సరుగుడు తోపు, తోపు దాటితే ఉప్పుకాలవ. కాలవ అవతల ఇంకో ఇసక మేట, ఆపైన సముద్రం. గాలి తిరిగినరోజు మా పెరట్లో ఆరేసిన బట్టలు కూడా ఉప్పగా ఉండేవి. తెల్లారగట్లే అవ్వ లేచి పేడనీళ్ళు చల్లేది. ఆ తడినేల వాసన, పొయ్యిలో సరుగుడు మండల పొగ, రాత్రి మిగిలిన చేపల పులుసును అమ్మ సన్న సెగ మీద పెడితే వచ్చే మామిడికాయ పులుపు వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు తెల్లారినట్టు. సద్దన్నంలో ఆ పులుసు పోసి, ముద్ద కలిపి అవ్వే మా అందరి చేతుల్లో పెట్టేది. మా నాయన మాత్రం అరుగు మీద విడిగా తినేవాడు. ఆయన తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. తిన్నాక చెయ్యి కడుక్కుని, ఎవరితో మాట్లాడుతున్నాడో వాళ్ళ వైపు చూడకుండా, వీధిలోకి చూస్తూ మాట్లాడేవాడు. అందుకని ఆయన మాట ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలేది, మిగిలినవాళ్ళు కూడా ఉలిక్కిపడేవాళ్ళు.

ఆ యేడు ఆయన మా అన్నతో మాట మానేశాడు. అన్న నెల్లూరులో చదువుతూ పరీక్ష తప్పి ఇంటికొచ్చాడు. నాయన తిట్టలేదు, కొట్టలేదు. ‘అబ్బాయి సద్ది తిన్నాడా’ అని మా అమ్మను అడిగేవాడు, అన్న ఎదురుగా కూర్చుని తింటున్నా సరే. పది రోజులకు అన్న ముఖం పీక్కుపోయింది. అమ్మ పులుసులో మంచి ముక్క ఏరి వేసినా కంచంలోనే వదిలేసేవాడు. నాకేమో మా అన్నంటే ప్రాణం. సెలవులకు వచ్చినప్పుడల్లా నాకు గాజులు తెచ్చేవాడు, కథలు చెప్పేవాడు. ఆ ఇంట్లో నన్ను కూర్చోబెట్టుకుని నా మాట వినేది ఆయనొక్కడే.

చెంచయ్య మా ఇసక చేలకు కావలి. యానాదుల మనిషి, ఎండిన చువ్వలా ఉండేవాడు, మా నాయన కంటే పెద్దవాడు. అయినా నాయన ‘ఒరే’ అనేవాడు, నేను కూడా పేరు పెట్టి పిలిచేదాన్ని, ఆయనేమో నన్ను ‘పాపమ్మా’ అనేవాడు. మా ఇంటికొస్తే పెరటి గుమ్మం బయటే కూర్చునేవాడు. అవ్వ గంజి పోస్తే తాగి, ముంత తనే కడిగి గోడవారన బోర్లించి పోయేవాడు. ఇవన్నీ అప్పుడు నాకు సూర్యుడు తూర్పున పొడిచినంత మామూలుగా కనిపించేవి. ఆయనకు నేలను చదవడం వచ్చు. ఇసకలో గుంట చూసి, ఇది తెల్లారకముందు పోయిన నక్క, ఇది ఎండెక్కాక పోయిన కుందేలు అని చెప్పేవాడు. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎవరి ఎద్దు తప్పిపోయినా ముందు ఆయన్నే పిలుచుకుపోయేవాళ్ళు. ‘చెంచయ్య మా కావలి’ అని మా నాయన అరుగు మీద పదిమందిలో చెప్పుకునేవాడు, ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం మనిషి ముఖంలోకి చూసి మరీ.

ఆ యేడు పెసర మొలక మీద జింకలు పడ్డాయి. గుంపులో పెద్దది ఒక ఇర్రి, అంటే మగది. వీపు నలుపు, పొట్ట తెలుపు, మెలి తిరిగిన కొమ్ములు. తెల్లవారుజామున పొదల్లోంచి వచ్చి, ఎండ పడేసరికి సాళ్ళకు సాళ్ళు నున్నగా చేసి పోయేవి. నాయన రోజూ చేను చూసొచ్చి వీధి వైపు తిరిగి, ‘మగపిల్లోడు ఇంట్లో ఉండి ఏం లాభం’ అనేవాడు. అన్న చెంచయ్య వెంటపడ్డాడు. ఆయన దగ్గర వెదురు విల్లు ఉండేది, ఇనప ములికి బాణాలు ఉండేవి. అన్న ఎండలో గడ్డికట్టను పెట్టుకుని నెలన్నర కొట్టాడు. చెంచయ్య పక్కన గొంతుక్కూర్చుని చూసేవాడు.

‘చిన్నయ్యా, కొట్టేది ఎవురైనా కొడతారు. కొట్టినాక ఏం చేస్తావో చెప్పు.’

‘పరిగెత్తి పట్టుకుంటా.’

‘అట్టయితే నువ్వు కుక్కను పెంచుకో, నన్నెందుకు అడగతావు’ అని ఆయన నవ్వాడు. ఆ తర్వాత చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. రొమ్ములో తగిలితే అది దూరం పోదు, నెత్తురు ఎర్రగా నురగతో పడుతుంది, ఒకసారి ఆకూవక్కా నమిలి వెంటనే పోవాలి, లేకుంటే నక్కలు తినేస్తాయి. పొట్టలో తగిలితే నెత్తురు నల్లగా, పసరు కలిసి పడుతుంది. అది దగ్గర్లోనే ఏదో పొద చూసుకుని పడుకుంటుంది. దాన్ని కదిలించకూడదు. పొద్దు నడినెత్తికొచ్చి దిగేదాకా అడుగు వెయ్యకూడదు. పడుకున్నచోటే దాని ప్రాణం పోతుంది. తొందరపడి లేపితే మాత్రం నీళ్ళున్న చోటుకు పోతుంది, ఎంత దూరమైనా పోతుంది, ఆ బాధంతా ఈడ్చుకుంటూ పోతుంది. ఇంకో మాట కూడా చెప్పాడు. ‘దెబ్బ యాడ తగిలిందో కొట్టినోడిని మేము అడగం. వాడికి తను అనుకున్న చోటే కనపడతాది. పక్కన చూసినోళ్ళే చెప్పాల. ఆళ్ళ మాట మీదే నడుస్తాం.’

నేను చేలో మంచె మీద ఉండేదాన్ని, చిలకలను తోలడానికి. ఆ పొద్దు అన్న నన్ను చీకటితోనే లేపి తీసుకుపోయాడు. తను మంచెకు కొంచెం దూరంలో కంపపొద వెనక కూర్చున్నాడు. మంచు విడుతుంటే జింకలు దిగాయి. ఇర్రి అన్నిటికంటే వెనక వచ్చింది, తలెత్తి చూసింది, మళ్ళీ మేతలో పడింది. విల్లు మోగింది. అది సరిగ్గా అదే క్షణంలో ఒక అడుగు ముందుకు వేసింది. బాణం పక్కటెముకల వెనక, పొట్ట మధ్యలో దిగడం నేను చూశాను. పైనుంచి, అడ్డం లేకుండా, నా అరచెయ్యి చూసుకున్నంత స్పష్టంగా చూశాను. అది ఎగిరి దూకలేదు. వీపు విల్లులా వంచి, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, పొదల వైపు వెళ్ళిపోయింది.

అన్న లేచి నిలబడ్డాడు. మంచె వైపు తిరిగి, అరవకుండా, అరచెయ్యి తన రొమ్ము మీద పెట్టుకుని కనుబొమలు ఎత్తాడు. ఇక్కడేనా అని. ఆ నెలన్నరలో ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. నేను తలూపాను.

చెంచయ్య తోపు వైపు నుంచి వచ్చాడు. అన్న చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి మంచె కిందికి వచ్చాడు.

‘పాపమ్మా, నువ్వు చెప్పు. యాడ తగిలింది?’

‘రొమ్ములో’ అన్నాను.

‘చూసినావా?’

‘చూసినా.’

ఆయన ఆకూవక్కా నమిలాడు. తర్వాత మమ్మల్ని తన వెనకే, తన అడుగులోనే అడుగు వెయ్యమన్నాడు. ఇసకలో గిట్టల గుర్తు కనిపించిన చోటల్లా పుల్ల గుచ్చుకుంటూ పోయాడు. చేను గట్టు దాటాక మొదటి చుక్క కనిపించింది. ఆయన గొంతుక్కూర్చుని దాన్ని వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు. చాలాసేపు లేవలేదు.

‘పసరు వాసనొస్తా ఉండాది’ అన్నాడు.

‘పెసర మేస్తా మేస్తా పరిగెత్తింది గదా చెంచయ్యా, నోట్లో మేత పడుంటాది’ అన్నాడు అన్న.

‘అయ్యుండొచ్చు’ అని చెంచయ్య నా వైపు తిరిగాడు. ‘పాపమ్మా, ఇంకోసారి అడగతా ఉండా. కోప్పడొద్దు. ఇప్పుడు మనం పోవాల్నా, ఆగాల్నా అనేది నీ మాట మీదే ఉండాది. యాడ తగిలింది?’

నా చెయ్యి అన్న చేతిలో ఉంది. ఆయన అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. ఆగుదాం అంటే, పొట్టలో అని ఒప్పుకున్నట్టే. అప్పటిదాకా చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. మధ్యాహ్నం దాకా ఆగితే ఊరంతా చేలోకి వస్తుంది, నాయన కూడా వస్తాడు, కొడుకు సరిగ్గా కొట్టలేదని వీధి వైపు చూసి ఏదో అంటాడు. ఇవన్నీ అప్పుడు వరసగా ఆలోచించానని చెప్పలేను. నాకు పధ్నాలుగేళ్ళు. కానీ తెలియక అన్నానని మాత్రం అనను. పొట్టలో తగిలిన జింకను లేపితే ఏమవుతుందో నేను అన్న పక్కనే కూర్చుని విన్నాను.

‘రొమ్ములోనే’ అన్నాను.

చెంచయ్య నా ముఖంలోకి ఒక్క చూపు చూసి లేచాడు. ఆ చూపు గురించి తర్వాత చాలా ఏళ్ళు ఆలోచించాను. ఆయన చేతివేళ్ళకు పసరు అంటుకునే ఉంది. ఆయనకు తెలుసు. తెలిసీ నడిచాడు. చేను గలవాళ్ళ బిడ్డను, ఆమె అన్న ముందు, నువ్వు అబద్ధం చెప్తున్నావని అనడానికి ఆ రోజుల్లో ఆయనకు నోరు లేదు. తనకంటూ ఉన్నది ఆ ఒక్క నియమం, చూసినవాళ్ళ మాట మీద నడవడం. నేను దాన్నే పట్టుకుని ఆయన్ని నడిపించాను.

రెండు వందల గజాలు కూడా పోలేదు. సరుగుడు తోపు అంచున కంపపొద కింద అది పడుకుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది. ముందు ముంగాళ్ళు, తర్వాత వెనకకాళ్ళు, ఎంతో కష్టపడి లేచింది. బాణం కర్ర పొట్టలోంచి బయటికి వేలాడుతోంది. ఒక్క క్షణం మా వైపే చూసింది, తర్వాత తోపులోకి పోయింది. అది పడుకున్న చోట గడ్డి అణిగి వెచ్చగా ఉంది. అన్న అక్కడే నిలబడిపోయాడు. బాణం ఎక్కడుందో ఆయన చూశాడో, ఆకుల చాటున కనబడలేదో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆయన కూడా బతికినన్నాళ్ళు ఎత్తలేదు.

‘ఇంక దాన్ని వదిలేద్దాం చిన్నయ్యా. సాయంత్రం వస్తా’ అన్నాడు చెంచయ్య.

‘నాలుగడుగుల్లో పడిపోతాది చెంచయ్యా. పదండి’ అన్నాడు అన్న.

పోయాము. తోపంతా పోయాము. నెత్తురు తగ్గిపోయింది, ఒక కాలు ఈడ్చిన గీత మాత్రం రాలిన సరుగుడు సూదుల మీద మిగిలింది. ఉప్పుకాలవ గట్టు దగ్గర ఆ గీత బురదలోకి దిగి, నీళ్ళలోకి పోయింది. అవతలి గట్టున ఏమీ కనిపించలేదు. చెంచయ్య మోకాలిలోతు దిగి నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆయన పంచె అంచుకు బురద ఎగబాకుతోంది.

దారిలో ఎదురైనవాళ్ళకు అన్న చెప్పిన కబురు, మేము ఇంటికొచ్చేసరికి ముందే చేరింది. నాయన అరుగు మీద ఉన్నాడు. నాలుగు నెలల్లో మొదటిసారి అన్న వైపు తిరిగి, ‘రొమ్ములో కొట్టినావంట గదా’ అన్నాడు. ఆ మాట విని మా అమ్మ లోపల కళ్ళు తుడుచుకుంది. ఆ పూట అన్న రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నేను మజ్జిగ పోసుకుని ఒక్క ముద్ద కూడా మింగలేకపోయాను, ఎండ దెబ్బ అనుకుని అవ్వ నా తలకు ఆముదం అద్దింది.

మర్నాడు పొద్దెక్కాక చెంచయ్య బాణం చేతిలో పట్టుకుని వచ్చాడు. ‘దొరికింది అయ్యా, కాలవకు అవతల. తినేదానికి పనికిరాదు, పూడ్చిపెట్టి వచ్చినా’ అన్నాడు. ఆ బాణం కర్రకు ఎండిన పసరు పచ్చగా అంటుకుని ఉంది. చదవడం వచ్చినవాళ్ళకు ఆ కర్రే చాలు. మా నాయనకు ఆ చదువు రాదు.

‘రొమ్ములో తగిలిన జింకను, కాలవ దాటేదాకా పట్టుకోలేకపోయినావు. ఏరా, కళ్ళు పోయినాయా నీకు?’

చెంచయ్య తల వంచుకుని నిలబడ్డాడు. నేను తలుపు చాటున ఉన్నాను, మధ్యలో నాలుగడుగుల దూరం. అన్న అరుగు చివర కూర్చుని గోరు కొరుక్కుంటున్నాడు. ఒక్క మాట చాలు. అప్పుడైనా చాలు.

‘అవునయ్యా, కళ్ళు ఆననట్టే ఉండాయి’ అన్నాడు చెంచయ్య.

‘కళ్ళు ఆననోడికి కావలెందుకు’ అన్నాడు నాయన వీధి వైపు తిరిగి. ఆ వారంలోనే చేలకు వేరే మనిషిని పెట్టాడు. బాణం తెచ్చిన ఆ రోజు, పెరటి వైపు చెంచయ్యకు గంజి పోయడానికి అవ్వ నన్నే పంపింది. పోస్తూ, ‘నువ్వు పోయేసరికి చచ్చిపోయి ఉండిందా’ అని అడిగాను.

‘లేదు పాపమ్మా. తెల్లారిందాకా ఉండింది. నన్ను చూసి లెయ్యబోయింది’ అన్నాడు. తాగి, ముంత కడిగి, గోడవారన బోర్లించి పోయాడు. మా పెరటికి ఆయన రావడం అదే ఆఖరు.

పెద్దకర్మ అయిన నాలుగో రోజు నేను మాధవను అడక్కుండా ఆటో మాట్లాడుకుని ఇందుకూరుపేట వైపు పోయాను. చెంచయ్య కొడుకు పోలయ్య ఇంకా ఉన్నాడని తెలుసు. ఇప్పుడు వాళ్ళకు కాలనీలో పక్కా ఇల్లుంది. పోలయ్య గారు నాకంటే రెండేళ్ళు చిన్న, అంతే. ఇంట్లో ఉన్న ఒకే కుర్చీ నాకు వేసి, తను మంచం మీద కూర్చున్నారు. వాళ్ళ నాయనను నేను పేరుపెట్టి పిలిచిన నోటితో ‘గారు’ అనడం నాకు కష్టం కాలేదు, ఆ కష్టం లేకపోవడమే సిగ్గనిపించింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు.

‘అయితే మా నాయన చూపు బాగానే ఉండిందన్నమాట’ అన్నారు.

‘బాగానే ఉండింది.’

‘నాకు అడుగు చూసేది నేర్పమని ఎన్నిసార్లో అడిగినా అమ్మా. నాకే తప్పిపోయింది, నీకేం నేర్పేదిరా అనేవోడు. ఆ తర్వాత ఎద్దులు తప్పిపోయినా ఎవురూ పిలవలా, పిలిచినా ఈయన పోలా. వలలు పట్టుకుని కాలవలోనే పడున్నాడు. మాకు కూడా అదే చెప్పినాడు, కళ్ళు పోయినాయని. ఇంట్లో కూడా మిమ్మల్ని అనలా.’

నేను చేతులు జోడించాను. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. కోపంగా లేరు, మెత్తబడనూ లేదు.

‘ఈ మాట మీ అన్న బిడ్డలకు చెప్పినారా?’

‘ఇంకా లేదు.’

‘అక్కడ చెప్పండమ్మా. ఇక్కడ మా నాయనను చూసి ఎవురూ నవ్వలా.’

ఆటోలో వచ్చేటప్పుడు కాలవ వంతెన మీద ఆపించి దిగాను. ఇప్పుడు ఆ ఇసక చేలన్నీ రొయ్యల గుంటలు, తోపు లేదు, జింక అనేది లేదు. చెంచయ్యకు తెలిసిన నేల అక్కడ లేదు, దాన్ని చదవగలిగేవాళ్ళు కూడా లేరు. అది కాలం చేసిన పని అని నా మనసుకు సర్దిచెప్పుకోబోయాను. కానీ ఆయన ఇంట్లో ఆ చదువు ఆగిపోయింది కాలం వల్ల కాదు.

మాధవా, నువ్వు, నీ తమ్ముడు, మీ పిల్లలు అందరూ కూర్చున్నప్పుడు దీన్ని గట్టిగా చదివించు. మీ నాయన మంచివాడు, నాకు గాజులు తెచ్చినవాడు, నేను ఆయన్ని తక్కువ చెయ్యడానికి ఇది రాయలేదు. ఆయన నన్ను అడిగాడు, నేను తలూపాను. చెంచయ్య గారు రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ నేనే చెప్పాను. ఆయన జాడ తప్పలేదు. బాణం రొమ్ములో తగలలేదు. పొట్టలో దిగింది. నేను చూశాను.